రాణి చీమకు తొలి నెలలో తిండి పెట్టాలా, వద్దా?

తొలకరి_చినుకు (కరీంనగర్), జూన్ 14
అందరికీ నమస్తే. మొన్న 12న రాత్రి మా దగ్గర మొదటి పెద్ద వాన పడ్డది. వరండా లైటు చుట్టూ ఉసిళ్ళు ముసిరినయ్. వాటి నడుమ గండు చీమ కన్నా పెద్దగున్న నల్ల చీమ ఒకటి గోడ పొంటి ఉరుకుతుంటే పట్టిన. రెక్కలు లేవు, ఊడిన జాగల భుజాల మీద మచ్చలున్నయ్. రాణి అనుకుంటున్న. ఇప్పుడు ఖాళీ పచ్చడి సీసాలో తడిమట్టి పోసి పెట్టిన. మా బావ పొద్దున మాపు చక్కెర నీళ్ళు పెట్టమంటున్నడు. మా దోస్తు పిల్లలు పుట్టేదాకా ఏం పెట్టొద్దంటున్నడు. ఎవరి మాట వినాలె?

దూది_నీళ్ళు (హైదరాబాద్), జూన్ 14
మీ దోస్తు మాట వినండి. మీకు దొరికింది కాంపోనోటస్ జాతి, దాదాపుగా మన ఇళ్ళ దగ్గర కనిపించే గండు చీమే. ఈ రాణి తొలకరికి ఎగిరి, గాల్లోనే జతకట్టి, కిందికి దిగి రెక్కలు తనే విరుచుకుంటుంది. తర్వాత నేలలో చిన్న గది తవ్వుకుని లోపలి నుంచి మూసేసుకుంటుంది. ఇక బయటికి రాదు. ఒంట్లో కొవ్వు ఉంటుంది. ఎగరడానికి పనికొచ్చిన కండ ఇక అక్కర్లేదు కాబట్టి దాన్ని కూడా కరిగించుకుని, ఆ సారంతోనే గుడ్లు పెట్టి, పుట్టిన లార్వాలకు నోటితో మేపుతుంది. అంటే ఆమె చద్దిమూట ఆమె వెంటే ఉంది.

ముందు ఆ పచ్చడి సీసా మార్చండి. ఎంత కడిగినా ఉప్పు, నూనె వాసన పోదు. మట్టిలో ఉంటే మీకు ఏమీ కనబడదు, కనబడక రోజూ తవ్వి చూస్తారు. ల్యాబు సామాన్ల కొట్లో పెద్ద టెస్ట్ ట్యూబు దొరుకుతుంది. మూడో వంతు నీళ్ళు పోసి, నీటిని ఆపేలా దూది గట్టిగా దట్టించి, రాణిని వదిలి, మూతి దగ్గర ఇంకో దూది ఉండ పెట్టండి. నల్లగుడ్డ చుట్టి అల్మారాలో పెట్టండి. ఫ్రిజ్ మీద వద్దు, వాషింగ్ మెషిన్ పక్కన అసలే వద్దు, ఆ అదురు ఆమెకు నచ్చదు. పది రోజులకోసారి చూడండి, అంతే.

గోదావరి_గట్టు (రాజమండ్రి), జూన్ 15
దూది గారూ, మీరు చెప్పిన గది కథ నిజమేనండి. కానీ అది పుట్టలోంచి నిండు కడుపుతో బయల్దేరిన రాణి సంగతి. మనకు దొరికింది ఎప్పుడు ఎగిరిందో, ఎంతసేపు లైటు చుట్టూ కొట్టుకుందో, ఎన్ని బల్లుల్ని తప్పించుకుందో ఎవరికి తెలుసు? నాకు రెండేళ్ళ కిందట రెండు దొరికాయి. ఒకదానికి ఏమీ పెట్టలేదు, నెల తిరక్కుండా పోయింది. రెండోదానికి మొదటి రోజే అగ్గిపుల్ల కొనతో తేనె చుక్క పెట్టాను. అరగంట నాకింది. ఆకలి లేనిది అరగంట నాకుతుందా? దాని పుట్ట ఇప్పుడు మా డాబా మీద పెట్టెలో ఉంది. ఒక్క చుక్క తేనెతో ఏం మునిగిపోతుందండి?

దూది_నీళ్ళు, జూన్ 15
మునిగేది ఆ చీమే, నిజంగా. తేనె చిక్కగా ఉంటే కాళ్ళకు అంటుకుంటుంది. అది తుడుచుకోలేక చచ్చిపోయిన రాణిని నేను చూశాను. మూసి ఉన్న ట్యూబులో తడి ఉంటుంది, తీపి మిగిలితే రెండో రోజుకే బూజు. అయినా అసలు నష్టం తేనె కాదండి, మూత తీయడం. గుడ్లు పెట్టిన రాణి బెదిరితే చాలాసార్లు ఆ గుడ్లు తనే తినేస్తుంది. తిండి పెట్టేవాళ్ళు వారానికి రెండుసార్లు తెరుస్తారు, తర్వాత "గుడ్లు మాయమయ్యాయి" అని ఇక్కడికే వచ్చి రాస్తారు.

ఇక రెండు రాణుల లెక్క. మీ మొదటిది అసలు జతకట్టిందో లేదో మీకు తెలియదు. రెక్కలు ఊడినంత మాత్రాన జతకట్టినట్టు కాదు. ఒంట్లో పురుగు చేరి కూడా చచ్చిపోతాయి. దాన్ని ఆకలి ఖాతాలో వేయడం అన్యాయం.

గోదావరి_గట్టు, జూన్ 15
మరి రెండోది బతికింది నా తేనె వల్ల కాదంటారు. చచ్చినదేమో ఆకలి వల్ల కాదంటారు. బావుందండి మీ లెక్క, ఏ వైపు తూచినా ముల్లు మీ వైపే.

బడి_బల్ల (అనంతపురం), జూన్ 16
ఇద్దరూ ఒక జాతిని పట్టుకుని అన్ని చీమల గురించీ తీర్పు చెప్తున్నారు. పిల్లలకు సైన్సు చెప్పే అలవాటు కొద్దీ నాలుగు మాటలు.

మొదట, దొరికింది చీమేనా? ఉసిళ్ళు చీమలు కావు, చెదల రెక్కల పురుగులు. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, మీసం పూసలు గుచ్చినట్టు నిటారుగా ఉంటుంది, నడుము ఉండదు. చీమకు ముందు రెక్కలు పెద్దవి, మీసం మోచేయిలా వంగుతుంది, నడుము సన్నం. మా బడిలో ఏటా ఒకడైనా ఉసిలిని తెచ్చి "సార్, రాణి" అంటాడు.

రెండు, చీమే అయినా రాణేనా? గండు చీమల్లో తల పెద్దగా ఉన్న కూలి చీమల్ని చూసి పొరబడేవాళ్ళు ఎక్కువ. తల కాదు, వీపు చూడాలి. రెక్కల కండ ఉండే చోటు కనుక రాణికి వీపు ఉబ్బుగా ఉంటుంది. ఇంకో వింత, మన దేశంలోనే ఉన్న డయాకామా చీమల్లో రాణి అనేదే ఉండదు. కూలీల్లోనే ఒకటి జతకట్టి గుడ్లు పెడుతుంది. అలాంటి చీమను ట్యూబులో పెట్టి రాణి అని ఎదురుచూస్తే ఎదురుచూపే మిగులుతుంది.

మూడోది అసలు ప్రశ్న. తలుపేసుకుని కూర్చునే రాణులు కొన్ని. వేటకు వెళ్ళే రాణులు కొన్ని. ఎగిరి దూకే హార్పెగ్నాథస్ సాల్టేటర్ ఉంది చూశారా, మన దేశపు చీమే, దాని రాణి కొత్త గూడు పెట్టాక కూడా తనే బయటికి వెళ్ళి వేటాడి తెచ్చుకోవాలి. దానికి "చద్దిమూట ఉంది" అని తిండి పెట్టకపోతే చంపినట్టే. గండు చీమ మొదటి రకం. పైగా కాంపోనోటస్ చీమల ఒంట్లో బ్లాక్‌మానియా అనే బ్యాక్టీరియా తల్లి నుంచి పిల్లకు వస్తూ ఉంటుంది. ఒంట్లో వృథా అయ్యే నత్రజనిని మళ్ళీ వాడుకోవడానికి, అమైనో ఆమ్లాలు తయారవడానికి అది తోడ్పడుతుంది. కాబట్టి ఈ చీమ వరకు నా ఓటు దూది గారికి. అయితే పట్టిన రోజున, గుడ్లు పెట్టకముందు, పలచని చక్కెర నీటి చుక్క ఒక్కసారి పెడితే తప్పని నేను అనను.

గోదావరి_గట్టు, జూన్ 16
అదేనండి నేను మొదటి నుంచీ మొత్తుకుంటోంది!

దూది_నీళ్ళు, జూన్ 16
మొదటి నుంచీ మీరన్నది తేనె.

చెట్టుకింద (విజయనగరం), జూన్ 17
మీ తగువు మధ్య నా ప్రశ్న మొరటుగా ఉంటాది, ఏటీ అనుకోకండి. అసలు దాన్ని పట్టడం ఎందుకు? గుండుసూదంత కోరికకి ఒక పుట్ట పుట్టకుండా చేస్తున్నాం. 2025 ఏప్రిల్‌లో కెన్యాలో ఏటయిందో చదివారా? ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళు ఇలాగే దూది పెట్టిన ట్యూబుల్లో సుమారు 5,000 రాణి చీమల్ని దాచి దేశం దాటించబోయి పట్టుబడ్డారు. మే నెలలో కోర్టు ఒక్కొక్కరికి 10 లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అంది. సరదా అని మొదలెట్టినదే సంత దాకా వెళ్తాది.

తొలకరి_చినుకు, జూన్ 17
అన్నా, నేను అమ్మడానికి పట్టలే. మా చెల్లె ఆరో తరగతి, దానికి చూపిద్దామని.

దూది_నీళ్ళు, జూన్ 17
చెట్టుకింద గారి కోపం వ్యాపారం మీద అయితే నాదీ అదే కోపం. ఆన్‌లైనులో రాణిని కొనేవాళ్ళకు నేను సలహా కూడా ఇవ్వను. కానీ లైటు కింద దొరికిన ఒక్క రాణి వేరు. ఒక్క వానకు ఒక్క పుట్ట నుంచే ఎన్ని ఎగురుతాయో చూశారుగా. వాటిలో చాలా వరకు తెల్లారేసరికి బల్లులకు, కాకులకు, కోళ్ళకు, వేరే చీమలకు పోతాయి.

చెట్టుకింద, జూన్ 17
బల్లి నోటి కాడ కూడు లాక్కుని దయ అంటున్నారు. సరే. పెంచితే పెంచండి, ఊరు దాటించకండి. వదిలేయాలనిపిస్తే దొరికిన చోటే వదలండి.

డాలస్_డాబా (టెక్సస్), జూన్ 18
ఊరు దాటించొద్దన్న మాటకు ఇక్కడి నుంచి ఒక సాక్ష్యం. మా పెరట్లో అడుగు పెడితే కాలు మంటలెత్తించే ఎర్ర చీమ, సోలెనాప్సిస్ ఇన్విక్టా (ఇక్కడ ఫైర్ యాంట్ అంటారు), దక్షిణ అమెరికాది. 1930ల్లో అలబామాలోని మొబైల్ రేవు గుండా దిగిందంటారు. ఇప్పుడు దక్షిణాది రాష్ట్రాలన్నీ దానివే. ఇక్కడ రాణి చీమను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళాలంటే వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అన్న చీమ కథ మా అబ్బాయికి చెప్తే, "మనమే కదా దాని పుట్ట మీద ఇల్లు కట్టాం" అన్నాడు. ఫైర్ యాంట్ విషయంలో అది తిరగేసి చెప్పాలి.

తొలకరి_చినుకు, జూన్ 22
ట్యూబులోకి మార్చిన. బడి_బల్ల సార్ చెప్పినట్టు మార్చేముందు ఒక్క చుక్క చక్కెర నీళ్ళు పెట్టిన. కొంచెం తాగి పోయింది, అరగంటేం లేదు. నిన్న చూస్తే దూది పక్కన తెల్లటి గుడ్లు, ఏడో ఎనిమిదో. అన్నీ ఒకే కుప్పగ పెట్టుకుని మీద నిలబడ్డది. మళ్ళ తియ్యలే.

గోదావరి_గట్టు, జూన్ 22
చుక్క పెట్టారుగా. చాలు. ఇక నేనేమీ అనను.

దూది_నీళ్ళు, జూన్ 22
మీరు అనకుండా ఉండడం కూడా నాకు వినబడుతోంది.

తొలకరి_చినుకు, ఆగస్టు 2
ఐదు కూలి చీమలు వచ్చినయ్! బయట తిరిగే గండు చీమల్లో సగం కూడా లేవు. పిల్లలు ఇంకా లోపలనే ఉన్న గోధుమరంగు గూళ్ళు నాలుగున్నయ్. చెల్లె వాటికి బువ్వ పెడతానని ఒకటే గొడవ. ఇప్పుడైనా పెట్టొచ్చా?

బడి_బల్ల, ఆగస్టు 2
ఇప్పుడు పెట్టాలి. తొలి కాన్పు కూలీలు ఎప్పుడూ చిన్నవే, తల్లి తన ఒంటిని పంచి పెంచినవి కదా. రాణి దగ్గర ఇక పంచడానికి పెద్దగా మిగలదు. పలచని బెల్లం నీళ్ళు ఒక చుక్క, చిన్న పురుగు ముక్క ఒకటి. దోమల బ్యాటుతో కొట్టిన దోమ పనికొస్తుంది. మందు కొట్టిన గదిలో పడిన దోమ వద్దు, పుట్టంతా పోతుంది. ఒక రోజు ఆగి మిగిలింది తీసేయండి.

గోదావరి_గట్టు, ఆగస్టు 2
తేనె కూడా పెట్టవచ్చు. నీళ్ళు కలిపి.

తొలకరి_చినుకు, ఆగస్టు 3
దోమ పెడితే రెండు కూలీలు లోపలికి గుంజుకపోయినయ్, చెల్లె ఎగిరి గంతేసింది. ఒక్కటే భయం. ట్యూబుల నీళ్ళు సగమైనయ్, దూది కొంచెం పసుపెక్కింది. కొత్త ట్యూబుకు మార్చాలా?

దూది_నీళ్ళు, ఆగస్టు 3
నీళ్ళు ఉన్నాయిగా. నల్లబూజు కనబడితే కొత్త ట్యూబు మూతి దీని మూతికి ఆనించి, దీని మీద వెలుతురు పడేలా పెట్టండి. వాళ్ళే సామాను మోసుకుని చీకట్లోకి వెళ్తారు. అప్పటిదాకా కదిలించకండి.