సమస్య: తల్లి యయ్యె మనుమరాలు తాత కిపుడు

నిర్వాహకుడు: సమస్యాపూరణ అంటే, వింతగా తోచే ఈ పాదం చివర వచ్చేలా మిగతా మూడు పాదాలు రాసి అర్థం కుదర్చడం. ఇది తేటగీతి అనే పద్యానికి నాలుగో పాదం. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు). నాలుగో గణం తొలి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. మనుమరాలు తాతకు తల్లి ఎలా అవుతుంది? మీ ఇంట్లో వెతకండి.

పూరణ 1
వద్దు వద్దన్న వినకుండ పప్పు కలిపి
ముద్ద ముద్దకు చున్నితో మూతి తుడిచి
మాత్ర మరచిన వేళల మందలించి
తల్లి యయ్యె మనుమరాలు తాత కిపుడు

నిర్వాహకుడు: రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. చున్నీని 'చున్ని' చేశారు, ఫర్వాలేదు. 'కొంగుతో' అన్నా గణం సరిపోయేది కానీ ఆ పిల్ల వయసు మారిపోయేది. మొదటి పాదంలో వ–ప యతి చెల్లింది.

పూరణ 2
పురిటి కబురు విన్నంతనే పులకరించె
ఇల్లు; ముత్తాత యనుమాట యింపు గూర్చె
బోసి నోట నవ్వుల పూలు పూసె చూడ
తల్లి యయ్యె మనుమరాలు, తాత కిపుడు

నిర్వాహకుడు: విరుపు బాగుంది. 'ఇంపు గూర్చె తాత కిపుడు' అని అన్వయించుకోవాలి. కాకపోతే అన్వయం దూరమైంది, రెండోసారి చదివితే గానీ అందదు. 'చూడ' పాదం నింపడానికే పడింది. 'పూసె విరగ' అంటే ఎలా ఉంటుంది?

పూరణ 2 రాసినవారు: సవరించుకున్నానండీ. అది వ్యర్థపదమని రాస్తున్నప్పుడే తెలుసు, వదిలేశాను.

పూరణ 3
పెద్దవారి పేరు నిడిరి బిడ్డ కెలమి
అమ్మ పలుకదు మామ పేరనుచు దాని
తాత యనియె యందరు పిల్వ తనయు డలరె
తల్లి యయ్యె మనుమరాలు తాత కిపుడు

పూరణ 1 రాసినవారు: అక్కయ్యా, ఇది మా ఇల్లే! మా తమ్ముడిది తాతయ్య పేరు. మా అమ్మ వాణ్ణి ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు. వాడికి కోపంగా చెప్పాలన్నా 'తాతా, ఇలా రా' అనేది.

నిర్వాహకుడు: అసంగతి పూర్తిగా విడిపోయిన పూరణ ఇదొక్కటే. మొదటిదాంట్లో 'తల్లి' ఉపమానం, ఇక్కడ నిజంగా కన్నతల్లి, తాతే మారాడు: తాత పేరు పెట్టుకున్న పసివాడు. రెండో పాదంలో పేరు + అనుచు కాబట్టి అ–అ స్వరయతి (అచ్చుల మధ్య యతి). మామగారి పేరు పలకని కోడలు ఒక్క పాదంలో ఇమిడిపోయింది. 'ఎలమి' (సంతోషం) ఒక్కటే కొంచెం గ్రాంథికంగా దూరం నిలబడింది.

పూరణ 3 రాసినవారు: ధన్యవాదాలు. ఆ బుడ్డి తాత ఇప్పుడు నా ఒళ్లోనే నిద్రపోతున్నాడు. లేచాక 'ఎలమి' సంగతి చూస్తాను.