విండోస్ 10 మిషన్లు మూడున్నాయి: 11కి వెళ్లాలా, లినక్స్ వేయాలా, మ్యాక్ కొనాలా?

పాలకొల్లు డీటీపీ:

అందరికీ నమస్కారమండి. పాలకొల్లులో మాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. సాయంత్రం పూట ఇద్దరు రొయ్యల మేత వ్యాపారులకు టాలీలో లెక్కలు కూడా రాస్తాను. మిషన్లు మూడు. రెండింటిలో ఇంటెల్ ఐ5 ఏడో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. మూడోది ఐ3 నాలుగో తరం, 4 జీబీ, దాని మీద మా కుర్రాడు ఆన్‌లైన్ అప్లికేషన్లు పెడతాడు, ప్రింట్లు తీస్తాడు. మూడింటిలోనూ పాత హార్డ్ డిస్కులే, మూడింటిలోనూ విండోస్ 10.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, 11 వేద్దామంటే ప్రాసెసర్ పనికిరాదని చూపిస్తోంది. మా అన్నయ్య కొడుకేమో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ సిస్టమ్ వేయమంటాడు, "లినక్స్ వేసెయ్ బాబాయ్, వైరస్ గొడవే ఉండదు" అని. కాగితం సప్లై చేసే ఆయన సెకండ్‌హ్యాండ్ మ్యాక్ ఒకటి ఉంది తీసుకోమంటాడు. ఎవరి మాట వాళ్లది, నాకేమో టెన్షన్.

నాకు స్పీడు కంటే నమ్మకం ముఖ్యమండి. మొన్న ఆచంట నుంచి ఒక పెద్దాయన కూతురి శుభలేఖ ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చారు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే తెర మీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి, లోపల డిస్కు టిక్కు టిక్కు మంటోంది, పేజీ తెరుచుకునేసరికి పదకొండు నిమిషాలైంది. ఆయన ఒక్క మాట అనలేదు, రెండు సార్లు వాచీ చూసుకున్నారు అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. రోజూ పని చేసుకునేవాళ్లు చెప్పండి, యూట్యూబ్‌లో చూసి కాదు.

అమలాపురం రిపేర్లు:

ముందు ఆ టిక్కు టిక్కు సంగతి చూడండి. అది విండోస్ తప్పు కాదు, లినక్స్ వేసినా ఆగదు, డిస్కు పోయే ముందు చేసే చప్పుడు అది. ఈ రాత్రికే డేటా మొత్తం వేరే డిస్కులోకి తీయండి, మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. "విండోస్ స్లో అయిపోయింది" అని తెచ్చిన మిషన్లలో ఎక్కువ వాటికి జబ్బు హార్డ్ డిస్కులోనే ఉంటుంది. హార్డ్ డిస్కులో రేకు తిరగాలి, దాని మీద సూది వెతుక్కోవాలి, సెకనుకి ఓ వంద చోట్ల వెతికితే గొప్ప. దాని బదులు చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ అని ఉంది, అందులో తిరిగేదేమీ లేదు, మామూలు రకం ఎస్‌ఎస్‌డీ అయినా అదే సెకనులో వేల చోట్ల చదువుతుంది. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు చదివేవన్నీ వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లే, అందుకే అంత తేడా. మీ ఐ5లకు ఎస్‌ఎస్‌డీ వేస్తే అదే విండోస్ 10 అర నిమిషంలోపు లేస్తుంది.

రెండోది కరెంటు. డిస్కు మీద ఫైళ్లు సర్దడానికి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి అయినా, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అయినా, చేయబోయే మార్పుని ముందు ఒక చిట్టాలో రాసుకుంటాయి. దానివల్ల కరెంటు పోయినా డిస్కు మీది లెక్క చెదరకుండా చూసుకుంటాయి గానీ, ఆ క్షణంలో మీరు సేవ్ చేయని శుభలేఖని ఏ సిస్టమూ తిరిగి తేలేదు. యూపీఎస్ ఉందా లేదా మీరు రాయలేదు. ఉంటే అందులో బ్యాటరీ ఎప్పటిది? ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీ మన వేడికి రెండు మూడేళ్లు వస్తే ఎక్కువ. దీపం వెలుగుతోంది కదా అని అందరూ ఊరుకుంటారు, కరెంటు పోగానే మిషన్ కూడా పోతుంది.

ఇంకోటి, మన గాలిలో తేమ ఎక్కువ, అంతర్వేది, నర్సాపురం వైపైతే ఉప్పు కూడా. ర్యామ్ కాళ్లకి పచ్చగా చిలుము పడుతుంది, మిషన్ బీప్ బీప్ మని అరిచి ఆగిపోతుంది, జనం విండోస్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టిస్తారు. ర్యామ్ తీసి పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది పెడితే చాలా సార్లు లేస్తుంది. వానాకాలం ముందు ఒకసారి క్యాబినెట్ విప్పి దుమ్ము దులిపించండి, చీమలు గూడు కట్టిన కేసులు కూడా చూశాను.

రాజోలు మింట్:

నేను 2019 నుంచి లినక్స్‌లో మింట్ అనే రకం మీదే ఉన్నానండి, ఇంట్లో, ట్యూషన్ సెంటర్లో అన్నీ అవే. లినక్స్ అంటే నాకు ప్రాణం, అందుకే మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మీ డీటీపీ మిషన్ల మీద వేయకండి.

ఎందుకంటే మీ షాపు నడిచేది అను ఫాంట్ల మీద, పేజ్‌మేకర్, ఫోటోషాప్ మీద అయ్యుంటుంది. అను ఫాంట్ యూనికోడ్ కాదు, అంటే ఫోన్లూ, కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పద్ధతి. అందుకే అందులో టైపు చేసింది వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. ఆ కీబోర్డు నడిపే సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. పేజ్‌మేకర్ 7 వచ్చిందే 2001లో, ఆ తర్వాత కొత్తది రాలేదు. ఫోటోషాప్ లినక్స్‌కి లేదు. విండోస్ సాఫ్ట్‌వేర్లని లినక్స్‌లో నడిపే వైన్ అనేది పెట్టి నడపొచ్చు అంటారు, నడుస్తుంది కూడా, కానీ ముహూర్తం రేపు అన్నప్పుడు వత్తు ఒకటి పక్కకి జరిగితే ఎవరిని అడుగుతారు?

మీ కుర్రాడి ఐ3 మిషన్ మాత్రం వేరే. దానికి బ్రౌజర్, ప్రింటర్, స్కానర్, పీడీఎఫ్ చాలు. మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేసి, ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ 4 జీబీలోనే హాయిగా నడుస్తుంది. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, డబ్బులు కట్టక్కర్లేదు, పని మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది, మండలి, రామభద్ర, పొన్నాల లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, డిస్కు ముట్టుకోదు. ముందు చూడాల్సింది ప్రింటర్. కొన్ని చౌక లేజర్ ప్రింటర్లకి పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అనే మామూలు ప్రింటర్ భాషలేవీ అర్థం కావు, పేజీ లెక్కంతా కంప్యూటరే కట్టి దాని సొంత భాషలో పంపాలి, ఆ డ్రైవర్ లినక్స్‌లో సరిగ్గా పలక్కపోతే మీ కుర్రాడు రోజంతా ఖాళీ.

విండోస్, లినక్స్ రెండూ ఒకే మిషన్‌లో పెట్టుకుంటే ఒక జాగ్రత్త. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. లినక్స్‌లోకి వెళ్తే విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు కనిపిస్తాయి గానీ ఏదీ సేవ్ కాదు. మొదటిసారి నేను డిస్కు పోయిందనుకుని ఒక రాత్రంతా నిద్రపోలేదు.

భీమవరం లెక్కలు:

రాజోలు గారు చెప్పింది నిజం, టాలీ కూడా విండోస్‌దే. మేత వ్యాపారుల లెక్కలు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి సెక్యూరిటీ విషయం తేలిగ్గా తీసుకోవద్దండి. సపోర్ట్ పోయిన విండోస్ 10 మీద ఇంటర్నెట్టూ, జీఎస్టీ పాస్‌వర్డులూ, టాలీ డేటా మూడూ ఒకే చోట ఉంచడం నాకు నచ్చదు. అదనపు అప్‌డేట్ల పథకం ఒకటి ఉంది, మామూలు వాడకందార్లకి 2026 అక్టోబర్ 13 వరకు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేస్తే ఉచితం. అది వ్యక్తిగత వాడకానికి. వ్యాపార సంస్థలకి వేరే పథకం, మొదటి ఏడాదికి మిషన్‌కి 61 డాలర్లు, ఏడాదికోసారి రెట్టింపు. అంత పెట్టేకంటే ఆ డబ్బు కొత్త మిషన్‌లో వేసుకోవడం మేలు.

విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే. మీ ఐ5లకి ఒక్క తరంలో తప్పిపోయింది. అడ్డదారిలో వేసే చిట్కాలు ఉన్నాయి, కానీ అలా వేసిన దానికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. లెక్కల మిషన్ మీద మాత్రం ఆ పని చేయొద్దు.

మ్యాక్ మంచిదే, నేను కాదనను, యాపిల్ సొంత ఎం1 చిప్పు ఉన్న మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఫ్యానే లేదు, మే నెలలో కూడా చల్లగా ఉంటుంది. అయితే మీకు చూపిస్తున్న సెకండ్‌హ్యాండ్‌ది ఇంటెల్‌దా అని అడగండి. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ తాహో ఇంటెల్ మ్యాక్‌లకి ఆఖరిది, అది కూడా కొన్ని మోడళ్లకే వచ్చింది. ఎం రకం అయితే నేరుగా విండోస్ వేసుకునే వీలు లేదు, ర్యామ్ పెంచుకునే వీలూ లేదు.

ఏ సిస్టమ్ అయినా ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. 2024 జూలై 19న ఒక్క సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పుగా వస్తే ప్రపంచం మొత్తం మీద 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెరతో ఆగిపోయాయి, విమానాలు కూడా ఆగాయి. అందుకే నేను టాలీ డేటా రోజూ రాత్రి ఒక డిస్కులోకి, ప్రతి ఆదివారం ఇంకో డిస్కులోకి తీస్తాను, ఆ రెండోది మా అక్క వాళ్ల మేడ మీద ఉంటుంది. 2022 జూలై వరదల్లో లంకల్లోని మా క్లయింటు ఒకాయనకి ఇంట్లో మిషనూ, పక్కనే పెట్టిన బ్యాకప్పూ కలిసే మునిగాయి. నాలుగు నెలల బిల్లులు కాగితాల్లోంచి మళ్లీ ఎక్కించాం.

పాలకొల్లు డీటీపీ:

అందరికీ చాలా థాంక్సండి. అమలాపురం గారు, మీరు చెప్పిన రాత్రే డేటా తీసేశాను, మూడు ఫోల్డర్లు కాపీ అవనని మొరాయించాయి, తెల్లారి నాలుగింటికి వచ్చాయి. ఆ మిషన్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించాను, ఇప్పుడు ఇరవై రెండు సెకన్లలో లేస్తోంది, ఫోన్‌లో టైం పెట్టి చూశాను. యూపీఎస్ బ్యాటరీ 2020ది, మార్చేశాం.

టాలీకి మాత్రం విండోస్ 11తో చిన్న మిషన్ ఒకటి కొత్తది ఆర్డర్ పెట్టాను. డీటీపీ రెండింట్లో పాతదే ఉంచి, ఇంటర్నెట్ తీసేశాను. ఆర్డర్లు వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి ఫోటోలు ఐ3లోకి దింపి పెన్‌డ్రైవ్‌లో ఇటు తెచ్చుకోవాలి, నాలుగు రోజులు విసుగ్గా ఉంటుంది, ఫర్వాలేదు.

రాజోలు గారూ, ఐ3 మీద మింట్ పెన్‌డ్రైవ్ నుంచి నడిపాం. కుర్రాడు అప్లికేషన్ పెట్టేశాడు, స్కానర్ పలికింది, ప్రింట్ కొడితే మాత్రం ఖాళీ కాగితం వస్తోంది. మోడల్ నంబర్ మీకు మెసేజ్ పెట్టాను, రాత్రికి వీలుంటే ఒకసారి చూడండి.