నాన్న బుల్లెట్‌ను టాటా ఏస్‌లో హైదరాబాద్ తీసుకెళ్లాలి, ఎలా కట్టాలి?

ప్రశ్న (అనంతపురం):
హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. నాన్న పాత బుల్లెట్ 350 వెంట తీసుకెళ్తున్నా. సైడు స్టాండు వేసి, సీటు మీదుగా నైలాన్ తాడు బిగిస్తే చాలని ఏస్ డ్రైవరన్న అంటున్నాడు. ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వాటికి ఏమైనా అయితే నాన్న తట్టుకోలేడు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (కర్నూలు, బండ్ల లోడింగ్ పని):
తమ్ముడూ, స్టాండు మీద మాత్రం పంపొద్దు. గుంత తగిలినప్పుడల్లా బండి బరువంతా ఆ ఒక్క కాలి మీద పడుతుంది. నైలాన్ తాడు సాగుతుంది, ముడి ఎంత గట్టిదైనా కొంత దూరం పోయేసరికి వదులవుతుంది. రాచెట్ బెల్టులు, అంటే పిడి ఆడిస్తే బిగుసుకునే పట్టీలు, నాలుగు కొను.

బండిని నిటారుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు రేకుకు ఆనించు. మధ్యలో పాత టైరు ముక్క పెట్టు. ముందు బెల్టులు హ్యాండిల్ గ్రిప్పులకు వద్దు, హ్యాండిల్ తిరిగిపోతుంది. హెడ్‌లైటు కింద చెయ్యి పెడితే ఫోర్కులను (ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాలు) పట్టుకున్న కింది టీ తగులుతుంది, అక్కడ వెయ్యి. బ్రేకు కేబులు, వైర్లు బెల్టు కింద నలగకుండా చూడు. రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగిస్తూ ఫోర్కు సగం దాకా దిగనివ్వు. ఆ స్ప్రింగు పైకి తోస్తుంటేనే బెల్టు బిగువుగా ఉంటుంది. వదులుగా ఉంటే స్పీడు బ్రేకరు దగ్గర కొక్కెం ఊడొస్తుంది. పూర్తిగా అణిచేస్తే ఆయిలు సీళ్లు దెబ్బతింటాయి.

వెనక రెండూ సీటు కింద ఛాసిస్ గొట్టానికి. సైలెన్సరుకు, సారీగార్డుకు వద్దు. ట్యాంకు, సీటు మీదుగా ఏ బెల్టూ పోకూడదు. పెయింటుకు దగ్గరగా వచ్చేచోట మెత్తటి గుడ్డ చుట్టు. మిగిలిన బెల్టు కొస గాలికి కొట్టుకుంటే అదే పెయింటు గీకేస్తుంది, ముడేసెయ్యి.

ఇంకోటి, బుల్లెట్ దాదాపు ఏడడుగులు, ఏస్ బాడీ కూడా ఇంచుమించు అంతే. వెనక డాలా (తలుపు) మూసుకుంటుందో లేదో టేపుతో ముందే కొలువు.

జవాబు (కడప):
అన్న చెప్పినవన్నీ కరెక్టే. పెట్రోలు కొంచెమే ఉంచి ట్యాపు మూసెయ్యండి, లేకపోతే కార్బ్యురేటరు పొంగి బండంతా వాసనొస్తుంది. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు మీ దగ్గరే పెట్టుకోండి. తెలంగాణలో 12 నెలలకు మించి ఉంచేటట్లయితే రిజిస్ట్రేషన్ అక్కడికి మార్చాలి. అనంతపురం ఆర్టీఓ ఆఫీసులో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఇప్పుడే తీసుకుంటే మళ్లీ తిరగక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. బెల్టులు బిగించాక కూడా ధైర్యానికి స్టాండు దించి ఉంచొచ్చా?

జవాబు (కర్నూలు):
వద్దు తమ్ముడూ. గుంతలో బండి కిందికి దిగినప్పుడు స్టాండు నేలకు తగిలి బండిని ఒక పక్కకు ఎత్తుతుంది, ఆ వైపు బెల్టు వదులవుతుంది. స్టాండు పైకి మడిచి, ఫస్ట్ గేరులో పెట్టు. బయల్దేరాక గార్లదిన్నె దగ్గర ఆపించి నాలుగు బెల్టులూ చేత్తో లాగి చూడు, మొదటి కొన్ని కిలోమీటర్లలోనే బండి సర్దుకుని బెల్టులు వదులవుతాయి. గుత్తిలో, డోన్‌లో మళ్లీ చూడు. డ్రైవరన్న తొందరపెట్టినా సరే, ఆపించు.