బిడ్డ పక్కనే ఉండిపోయిన తల్లిదండ్రులకు భృతి ఇవ్వాలా, వద్దా?

చర్చ ప్రారంభించినవారు:
పిల్లలకు పెద్ద జబ్బు చేస్తే వైద్యం ఖర్చు భరించే పథకాలు చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. పని మానుకుని బిడ్డ పక్కన ఉండిపోయే తల్లికో తండ్రికో పోయిన ఆదాయాన్ని ప్రభుత్వం పూడ్చాలా అన్న దగ్గరే అభిప్రాయభేదం. స్వీడన్‌లో తీవ్రంగా జబ్బుపడిన 18 ఏళ్లలోపు బిడ్డను చూసుకునేవారికి రోజుల పరిమితి లేకుండా, ఒక గరిష్ఠ మొత్తానికి లోబడి, జీతంలో దాదాపు 80 శాతం అందుతుంది. అమెరికాలో 1993 నాటి చట్టం అర్హులైన ఉద్యోగులకు ఏడాదికి 12 వారాల సెలవు ఇస్తుంది గానీ, ఆ సెలవుకు జీతం ఇవ్వాలని చెప్పదు. మీరు ఎటువైపు?

మొదటి స్పందన:
నేను నగదు భృతికి వ్యతిరేకిని. ప్రభుత్వానికి ఉన్నది ఒకటే సంచి. అందులోంచి జీతాలకు తీస్తే మందులకూ పడకలకూ ఆ మేరకు తగ్గుతుంది. పైగా ఏది పెద్ద జబ్బో తేల్చేదెవరు? క్యాన్సర్ బిడ్డ తల్లికి ఇచ్చి, అదుపులోకి రాని మూర్ఛలతో బాధపడే బిడ్డ తల్లికి ఇవ్వకపోతే అది మరో అన్యాయం. కన్నబిడ్డకు చేసే సేవకు కూలి కట్టడమన్నది కూడా నాకు ఎబ్బెట్టుగానే ఉంది.

రెండవ స్పందన:
మా అమ్మాయికి అయిదో ఏట అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఈ రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుందని, అందులో చాలా భాగం ఇంటి దగ్గరే గడుస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో ఒంటి వేడి 38 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అందుకని థర్మామీటరు దిండు కింద పెట్టుకుని, రాత్రి రెండు మూడుసార్లు లేచి, చూసిన అంకె నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. 37.9 చూపించిన ఒక రాత్రి చెప్పులు వేసుకునే కూర్చున్నాను. ఇదే పని వార్డులో నర్సు చేస్తే జీతం. ఇంట్లో నేను చేస్తే ఉన్న ఉద్యోగం పోయింది. నేనడిగేది కూలి కాదండీ, పోయినదానిలో కొంత. మేం ఇంటికి తెచ్చుకున్నందువల్ల ఖాళీ అయిన పడకను కూడా మీరన్న ఆ సంచిలోనే లెక్క వేయండి.

జబ్బును తేల్చే పని అంత కష్టమేమీ కాదు. ఫ్రాన్స్‌లో జబ్బుల జాబితా పెట్టుకోలేదు. పెద్దవాళ్లు ఎడతెగకుండా బిడ్డ దగ్గర ఉండక తప్పదని వైద్యుడు ధ్రువీకరిస్తే, మూడేళ్లలో 310 రోజుల వరకు భృతి ఇస్తారు.

మొదటి స్పందన రాసినవారు మళ్లీ:
పడక సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఆదాయ పరిమితి లేకపోతే ఎలా? ఉన్నవారికి, లేనివారికి ఒకే చేత్తో పంచడం నాకు సమ్మతం కాదు.

మూడవ స్పందన:
ఆదాయ పరిమితి మంచిదే, అది గోడలా నిటారుగా లేకపోతే. బ్రిటన్‌లో వారానికి కనీసం 35 గంటలు సేవ చేసేవారికి ఇచ్చే భృతికి, 2025 ఏప్రిల్‌లో సంపాదన పరిమితిని వారానికి 196 పౌన్లుగా పెట్టారు. ఒక్క పౌను ఎక్కువైతే భృతిలో ఒక్క పౌను తగ్గదు, మొత్తం ఆగిపోతుంది. బిడ్డ కాస్త కోలుకున్నప్పుడు ఒక పూట ఎక్కువ పని చేద్దామనుకున్న తల్లి, లెక్క చూసుకుని మానేస్తుంది. సంపాదన పెరిగేకొద్దీ భృతి మెల్లగా తగ్గేలా చేస్తే ఈ చిక్కు ఉండదు.

ఎవరూ అడగని మాట మరొకటి ఉంది. జీతం చీటీ అంటూ లేని దినకూలీకి 80 శాతమంటే దేనిలో 80 శాతం? ఫ్రాన్స్‌లో జీతంతో ముడిపెట్టకుండా రోజుకింతని ఒకే మొత్తం ఇస్తారు; పెద్ద జీతగాడికి అది చాలదు, కూలీకి మాత్రం ఆ పూట గడుస్తుంది. ఒకటే సంచి అన్నవారికి ఈ పద్ధతి అయినా సమ్మతమేనా?