పితికిపప్పు: పప్పు పేరా, పని పేరా?

మొన్న ఇక్కడ ఒక సోదరి అడిగిన ప్రశ్న చూశాను. తిరుపతిలో చుట్టాలింట్లో 'పితికిపప్పు పులుసు' తిన్నారట. ఊరికి వెళ్ళాక పచారీ కొట్లో పితికిపప్పు ఇమ్మంటే, అలాంటి పప్పే లేదన్నారట. అది ఏ పప్పుకు మారుపేరో చెప్పమన్నారు. కింద మూడు జవాబులు వచ్చాయి. కందిపప్పునే మెత్తగా ఎనిపితే అలా అంటారని ఒకరు. 'చితికిన పప్పు' అనబోయి పల్లెటూరి నోళ్ళలో 'పితికి' అయిందని ఒకరు. తమిళం నుంచి అరువు తెచ్చుకున్న మాట అని ఇంకొకరు. మూడూ సరికావు. చిన్నప్పుడు ఆ పప్పు పితికీ పితికీ వేలికొసలు ముడతలు పడిన మనిషిని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

పితికిపప్పు అనే పంట ఏదీ లేదు. పండేది అనపకాయ. రాగిచేలో అంతరపంటగా సాళ్ళలో వేస్తారు. మంచు పడే రోజుల్లో, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయ వస్తుంది. చలి బాగా ఉన్న ఏడు కాయకు జిడ్డు, వాసన రెండూ ఎక్కువ. ఒలిచిన చేతిని సబ్బుతో కడిగినా పూట దాకా ఆ వాసన పోదు. కాయ ఒలిస్తే వచ్చేది అనపగింజ. దాన్ని నానబెట్టి, పైతోలు వదిలేలా వేళ్ళతో పితికితే వచ్చేది పితికిపప్పు. అంటే ఆ పేరులో గింజ లేదు, రంగు లేదు, ఊరు లేదు. ఉన్నదల్లా మనిషి చేసిన పని. కందిపప్పు, పెసరపప్పు అన్నప్పుడు పంట కనబడుతుంది. పితికిపప్పు అన్నప్పుడు వంటింట్లో కూర్చున్న మనుషులు కనబడతారు. ఆ పేరు నాకు అంత ఇష్టం కావడానికి కారణం ఇదే.

మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర పల్లె. తాత, అవ్వ, నలుగురు కొడుకులు, కోడళ్ళు, మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మేనత్త, పిల్లలం, అంతా కలిపి 19 మందిమి ఒకే పొయ్యి మీద తిన్నాం. అంతమందికి పితికిపప్పు పులుసు చెయ్యాలంటే ఒకరి వల్ల కాదు. గంపెడు కాయ ఒలిస్తే గింజ చేటలోకి వస్తుంది. చేటెడు గింజ పితికితే పప్పు గిన్నెలోకి వస్తుంది. ముందురోజు సాయంత్రం నడవలో గోనెపట్టా పరిచి కాయలు కుమ్మరించేవాళ్ళు. బడి నుంచి వచ్చిన పిల్లలు, చేను నుంచి వచ్చిన మగవాళ్ళు, ఎవరు ఆ దారిన పోయినా పది కాయలు ఒలిచి పోవాల్సిందే. రాత్రికి గింజలు నీళ్ళలో పడేవి. తెల్లారి పెద్ద దబరా మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చుని పితికేవాళ్ళం.

నాకు ఐదారేళ్ళప్పుడు అవ్వ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. గింజను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టుకోవాలి. ఒక కొసన అదిమితే రెండో కొసన తోలు చీలి, లోపలి పప్పు నున్నగా జారి దబరాలో పడుతుంది. నేను గింజ మధ్యలో గట్టిగా అదిమేసరికి పప్పు రెండు బద్దలై తోలులోనే నలిగిపోయింది. అవ్వ నా వేలు పట్టుకుని పక్కకు జరిపి, "నొక్కద్దు మే, పితుకు. నొక్కితే నలిగిపోతాది, పితికితే దుముకుతాది" అంది.

ఈ మాటకు అంతకంటే మంచి అర్థం నాకు ఇప్పటిదాకా ఎక్కడా దొరకలేదు. పితకడం అంటే ఊరికే ఒత్తిడి పెట్టడం కాదు. ఒక వైపు నుంచి ఒత్తి, లోపల ఉన్నదాన్ని రెండో వైపు నుంచి బయటికి రప్పించడం. పాలు పితికేటప్పుడు జరిగేదీ అదే. కురుపు పితికి చీము తీసేటప్పుడు జరిగేదీ అదే.

'చితికిన పప్పు' వాదం నిలవదని చెప్పడానికి వ్యాకరణం దాకా పోనక్కరలేదు. చితికితే ఆ పప్పు పనికిరాదు. పులుసులో వేశాక కరిగి గంజి అవుతుంది. మా ఇంట్లో చితికినవాటిని ఏరి పక్కన పెట్టేవాళ్ళు. చితక్కుండా, నిండుగా, రెండు బద్దలూ అంటుకుని ఉన్నట్టే బయటికి రావడమే ఈ పనిలో ఉన్న నేర్పు. పేరు సరిగ్గా ఆ నేర్పునే చెబుతోంది.

చేతివేళ్ళతో చేసే పనులకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఈ ఒక్క వంట దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. కాయను ఒలుస్తాం. గింజను పితుకుతాం. పులుసు కోసం చింతపండును పిసుకుతాం, చారెడు నీళ్ళు పోసి చెయ్యి నిండా పట్టి, రూపం పోయేదాకా. తర్వాత దాన్ని పిండుతాం, రసం దిగి పిప్పి చేతిలో మిగిలేలా. కొత్తిమీర తుంచుతాం. తెల్లగడ్డ (వెల్లుల్లి) చిదుపుతాం. పక్కపొయ్యి మీద సంగటిని కెలుకుతాం. వంకాయ కూర అయితే ఎనుపుతాం. ఇవి ఒకదాని బదులు ఒకటి వాడే మాటలు కావు. నిమ్మకాయ పితుకు అని ఎవరూ అనరు. అనపగింజ పిండు అంటే మా వైపు పిల్లలు కూడా నవ్వుతారు.

ఇక తమిళం సంగతి. తమిళంలో 'పిదుక్కు' అనే క్రియ ఉంది, అర్థం ఇదే. 'పిదుంగు' అంటే తనంతట తాను బయటికి పొడుచుకు రావడం. వేలూరు, కృష్ణగిరి వైపు 'పిదుక్కు పరుప్పు' అంటారు. కన్నడంలో 'హితకిద బేళె' లేదా 'హిదకిద బేళె'. మన మాటల మొదట ఉన్న 'ప' అక్కడ 'హ' అవుతుందని తెలిసిందే. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు. అలాగే పితుకు హితుకు. 'హితకిద' అంటే అచ్చంగా మన 'పితికిన', 'బేళె' అంటే పప్పు. కాబట్టి ఎవరూ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. మూడు భాషలకూ పుట్టింటి నుంచి వచ్చిన మాట ఇది. పలమనేరు నుంచి ఒక వైపు పోతే కర్ణాటకలోని ముళబాగిలు, ఇంకో వైపు పోతే తమిళనాడులోని గుడియాత్తం. ఎటు పోయినా చలికాలంలో ఇదే గింజ, ఇదే పని, ఇదే మాట కొద్దిగా రూపం మార్చుకుని వినబడుతుంది. చిత్తూరు జిల్లాను 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల ముక్కలు కలిపి ఏర్పాటు చేశారు. 1960లో తిరుత్తణి వైపు తమిళులకు పోయి, కొన్ని ఊళ్ళు ఇటు వచ్చాయి. గీతలు అలా మారుతూనే ఉన్నాయి. పొయ్యి మీద పులుసు మారలేదు.

అనప అనే మాటతో ఇంకో చిక్కు ఉంది. ప్రశ్న అడిగిన సోదరి కోస్తావారు కాబట్టి ముందే చెప్పడం మంచిది. మీ వైపు ఆనపకాయ అంటే సొరకాయ. మా వైపు అనపకాయ అంటే ఈ చిక్కుడు జాతి కాయ. ఒక్క దీర్ఘం తేడా. మా ఆఖరి చిన్నమ్మ రాజమండ్రి పిల్ల. కొత్తగా కాపురానికి వచ్చిన నెలలోనే మా అవ్వ, "సంతకు మనిషి పోతాండాడు, అనపకాయలు గంపెడు తెమ్మని చెప్పు అమ్మణ్ణీ" అని పురమాయించింది. చిన్నమ్మ కాసేపు నిలబడి, భయపడుతూనే, "గంపెడెందుకు అత్తయ్యగారూ, రెండు చాలవా?" అంది. అవ్వకు అర్థం కాలేదు. 19 మంది ఉన్న ఇంట్లో రెండు కాయలు ఎవరికి చాలతాయి? చివరికి సంతకు పోయిన మనిషి రెండు సొరకాయలూ, గంపెడు అనపకాయలూ తెచ్చాడు. ఆ పూట సొరకాయ పప్పు, మరుసటి పూట పితికిపప్పు. ఇప్పుడు ఆ చిన్నమ్మంత వేగంగా పితికేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. రెండు చేతులతో ఒకేసారి రెండు గింజలు పితుకుతుంది.

వంట ఎలాగని కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. ధనియాలు, ఎండుమిరపకాయలు, చెక్క, లవంగం, గసగసాలు వేయించి, కొబ్బరి, అల్లం, తెల్లగడ్డ చేర్చి నూరుకోవాలి. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), టమాటాలు వేగాక ఈ కారం వేసి, పచ్చివాసన పోయాక నీళ్ళు, పితికిపప్పు, కావాలంటే ఉర్లగడ్డో (బంగాళాదుంప) వంకాయో. చింతపులుసు చివర్లోనే పొయ్యాలి, ముందే పోస్తే పప్పు ఉడకదు. తోలు లేదు కాబట్టి త్వరగా ఉడుకుతుంది, కుక్కర్ అక్కర్లేదు. మంచి జోడీ రాగిసంగటి. మిగిలితే మరుసటి రోజు దోసెలోకి ఇంకా బాగుంటుంది.

తర్వాత చేర్చినవి, కింద వచ్చిన ప్రశ్నలకు:

"పితికినపప్పు అని రాయాలా, పితికిపప్పు అనా?" మా అవ్వ తీరిగ్గా మాట్లాడినప్పుడు 'పితికినపప్పు' అనే అనేది. అమ్మ తరానికి 'న' రాలిపోయింది. క్రియ మాత్రం క్రమం తప్పనిదే. వెతుకు, వెతికి, వెతకడం ఎలాగో పితుకు, పితికి, పితకడం అలాగే. మొదటి రూపం వ్యాకరణానికి దగ్గర, రెండోది జనం నోటికి దగ్గర. నేను రెండోదే రాస్తాను, ఒకే మాటగా, మధ్యలో ఖాళీ లేకుండా. అది ఇప్పుడు ఒక వస్తువు పేరు అయిపోయింది కాబట్టి.

"ఈ క్రియ రాయలసీమకే పరిమితమా?" కాదన్నా. పాలు పితకడం తెలుగునాట అన్ని వైపులా ఉన్న మాటే. వేమన పద్యంలో గొడ్డుటావును పితకడానికి కుండ పట్టుకుపోయినవాడు గుర్తున్నాడు కదా. లోభిని అడగడం అలాంటిదే అంటాడు. మా వైపు ప్రత్యేకం ఏమిటంటే ఆ క్రియను కొట్టం నుంచి వంటింట్లోకి కూడా తెచ్చుకున్నాం.

"ఇప్పుడు బజార్లో పితికిన పప్పే దొరుకుతోంది కదా, ఇంత చర్చ దేనికి?" దొరుకుతోంది, నిజమే. తిరుపతిలో రోడ్డు పక్కన అమ్మే ఆడవాళ్ళు బేరాలు లేనప్పుడు కూర్చుని పితుకుతూ ఉంటారు, పక్కనే గిన్నెలో నీళ్ళు, పప్పు. ఉద్యోగానికి పోతూ నేనూ పావుకిలో కొంటాను. ధర ఎక్కువంటూ వాళ్ళతో బేరమాడకండి. అంత పప్పు పితకడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి కూర్చుని చూస్తే తెలుస్తుంది. నా బాధ ధర గురించి కాదు. పోయిన సంక్రాంతికి మా పాప సంచి విప్పి, "అమ్మా, పితికి అంటే ఏమిటి, ఊరి పేరా?" అని అడిగింది. మాట నాలుక మీద ఉంది, పని చేతిలో లేదు. అందుకే మరుసటి ఆదివారం పప్పు కొనలేదు. రెండు కిలోల కాయలు తెచ్చి టీవీ ముందు పేపరు పరిచాను. ముగ్గురమే కాబట్టి రాత్రి పదకొండయింది. మొదటి గింజ నా కళ్ళద్దాలకు తగిలింది. పదో గింజకు పాపకు చెయ్యి కుదిరింది. "దుముకుతోందమ్మా!" అంది. అవ్వ మాట దానికి నేను చెప్పలేదు.

ఇక నేను అడగాల్సింది ఒకటుంది. ఎంత నానినా కొన్ని గింజలు తోలు వదలవు, మరీ ముదిరినవి. మా ఇంట్లో వాటిని 'మొండిగింజలు' అనేవాళ్ళు. విడిగా ఏరి, ఉప్పేసి ఉడకబెట్టి పిల్లలకు పెట్టేవాళ్ళు. మదనపల్లె, కుప్పం, పుంగనూరు వైపు వాళ్ళు వాటిని ఏమంటారు? వదిలిన తోలుకు కూడా మా ఇంట్లో వేరే పేరు లేదు, 'తోలు' అనే అని ఆవుకు కుడితిలో వేసేవాళ్ళం. మీ ఇళ్ళలో పేరుంటే రాయండి, ఏ ఊరో కూడా చెప్పండి.