లైబ్రరీ సైన్స్ కోర్సులో క్యాటలాగింగ్‌కు అంత సమయం ఇంకా అవసరమా?

పేజీమడత:
మా విభాగంలో సిలబస్ మారుస్తున్నారు. రెండు సెమిస్టర్ల క్లాసిఫికేషన్ (విషయాన్ని బట్టి పుస్తకానికి నంబరివ్వడం), క్యాటలాగింగ్ (పుస్తకం వివరాలతో రికార్డు తయారుచేయడం) ప్రాక్టికల్స్‌ను ఒకదానికి కుదించి, మిగిలిన సమయంలో పైథాన్, డేటా నిర్వహణ నేర్పాలని ప్రతిపాదన. నాకు సబబుగానే ఉంది. ఐఎస్‌బీఎన్ కొడితే వేరే లైబ్రరీ చేసిన రికార్డు మొత్తం దిగుమతి అవుతోంది కదా, ఇంకా చేత్తో నంబర్లు కట్టించడం దేనికి?

కాల్‌నంబర్:
దిగుమతి అవుతుంది, సరే. అయిన రికార్డు సరైనదో కాదో తేల్చేదెవరు? తేనెటీగల మీద పుస్తకం వచ్చిందనుకోండి. ఈగ శరీర నిర్మాణం, ప్రవర్తన గురించైతే డ్యూయీ వర్గీకరణ పద్ధతిలో దాని నంబరు 595.799. పెట్టెల్లో పెంచి తేనె తీయడం గురించైతే 638.1. అట్ట మీద రెండింటికీ ‘తేనెటీగలు’ అనే ఉండొచ్చు. విషయసూచిక, ముందుమాట తిరగేస్తే గానీ తేలదు. పెంపకం పుస్తకాన్ని జంతుశాస్త్రంలో పెట్టేస్తే, వ్యవసాయం అరల్లో వెతికేవాళ్లకు అది లేనట్టే.

కోడ్‌గూడు:
ఆ తేడా చెప్పడానికి రెండు సెమిస్టర్లు కావాలా అండీ? ఒకప్పుడు లైబ్రరీ స్కూళ్లలో కార్డుల మీద అందరూ ఒకేలా రాయడానికి ‘లైబ్రరీ హ్యాండ్’ అని ప్రత్యేకంగా చేతిరాత నేర్పేవారు. టైప్‌రైటర్ వచ్చింది, అది పోయింది. ఇదీ అంతే.

కాల్‌నంబర్:
చేతిరాత పోయింది గానీ, కార్డు మీద ఏం రాయాలో నిర్ణయించే పని పోలేదుగా! నేను పైథాన్ వద్దనట్లేదు. మార్క్ (కంప్యూటర్ చదవగలిగే క్యాటలాగ్ ఫార్మాట్) రికార్డుల ఫైలు ఇచ్చి 650 అనే ఫీల్డులోని విషయ శీర్షికలు శుభ్రం చేయమంటే, కోడ్ వచ్చినవాళ్లు చకచకా చేసేస్తారు. కాకపోతే ‘తేనెటీగలు’, ‘తేనెటీగల పెంపకం’ ఒకటేననుకుని కలిపేస్తే వేల రికార్డులు ఒక్క దెబ్బతో పాడవుతాయి. అసలు ఆ మార్క్‌ను 1960లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో రూపొందించిన హెన్రియెట్ ఎవ్రమ్ ప్రోగ్రామరే. ఆవిడ ముందు క్యాటలాగర్ల పని ఏమిటో నేర్చుకున్నారు. మనవాళ్లేమో ఒకటి తీసేసి ఇంకోటి పెడతామంటున్నారు.

రిఫరెన్స్‌డెస్క్:
మీ ఇద్దరి గొడవలో పాఠకుడు ఎక్కడా లేడు, గమనించారా? కొత్తగా చేరినవాళ్లలో చాలామందిని చూస్తున్నాను. ‘కెమిస్ట్రీ పుస్తకాలెక్కడ’ అని అడిగితే అర చూపించి పంపేస్తారు. ఆ మనిషికి కావలసింది ఏదో ఒక ద్రావకం మరిగే ఉష్ణోగ్రత, అంతే. ‘ఏ విషయం కోసం వెతుకుతున్నారు’ అని ఒక్క ప్రశ్న వేస్తే హ్యాండ్‌బుక్ తీసి చూపించొచ్చు. అలా అడగడం డెస్క్ దగ్గర కూర్చుంటేనే వస్తుంది. ఇంటర్న్‌షిప్ మాత్రం కోర్సు చివర్లో మొక్కుబడిగా పెడతారు, అక్కడా స్టిక్కర్లు అంటించే పనే.

కోడ్‌గూడు:
ఇంటర్న్‌షిప్ మాట ఒప్పుకుంటాను. కాల్‌నంబర్ గారూ, రెండూ కలిపి చెప్పాలంటే అలాంటి అధ్యాపకులు దొరకాలి కదా?

కాల్‌నంబర్:
ఒక్కరే చెప్పక్కర్లేదు. క్యాటలాగింగ్ చెప్పేవారు, కంప్యూటర్ విభాగం వారు ఒకే ల్యాబ్‌లో ఉంటే చాలు. పరీక్ష కూడా ఒకటే పెట్టండి: తప్పులున్న రికార్డులు, వాటి పుస్తకాలు ఇచ్చి, వేటిని కోడ్‌తో సరిదిద్దొచ్చో, వేటికి పుస్తకం తెరవాల్సిందేనో రాయమనండి.

పేజీమడత:
ఆ పరీక్ష సంగతి సిలబస్ కమిటీకి రాసి పంపిస్తాను. ఒక్క సెమిస్టర్‌లో అది కుదురుతుందని మాత్రం నాకు నమ్మకం లేదు.