రోటో బ్రష్ ఉండగా చేత్తో మాస్క్ కీలు పెట్టడం ఎందుకు?

గోదారిగట్టు:
పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తానండి. తలంబ్రాల షాట్‌లో పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు వాళ్ల వెనక నుంచి పైకి లేవాలని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. దానికి మనుషుల్ని వెనక దృశ్యం నుంచి ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ కత్తిరించి వేరుచేయాలి, దాన్నే రోటో అంటాం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో రోటో బ్రష్‌తో ఒక ఫ్రేమ్‌లో మనిషి మీద గీత గీస్తే మిగతాది అదే చూసుకుంటుంది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు రోటో కోర్సు చేసొచ్చాడు. ప్రతి షాట్‌కీ పెన్ టూల్ పట్టుకుని మనిషి చుట్టూ పాయింట్లతో మాస్క్ (కత్తిరింపు గీత) గీస్తూ కూర్చుంటాడు, ఒక్క షాట్‌తోనే పొద్దుగూకుతోంది. రోటో బ్రష్ 2010లో సీఎస్5 వెర్షన్‌తో వచ్చింది, 2020లో రెండోది, 2023లో మూడోది. ఇంకా పాయింట్లు లాగుతూ కూర్చోవడం పని మీద ప్రేమా, మొండితనమా?

స్ప్లైన్ మాస్టారు:
ముందు ఆ కుర్రాడు ఎలా చేస్తున్నాడో చూడండి. అంత సేపు పడుతోందంటే మనిషి మొత్తానికి ఒకే మాస్క్ గీసి, ప్రతి ఫ్రేమ్‌లోనూ సర్దుతూ ఉండొచ్చు. చేత్తో చేయడమంటే అది కాదు.

మీ తలంబ్రాల షాటే తీసుకుందాం. పెళ్లికొడుకు దోసిలి ఎత్తుతాడు, పైన ఒక్క క్షణం ఆగుతాడు, వంపుతాడు. జబ్బకి ఒక మాస్క్, ముంజేతికి ఒకటి, అరచేతికి ఒకటి గీసి, ఒకదాని అంచు మీదికి ఇంకోటి కాస్త ఎక్కించాలి. కీలు, అంటే ఆ ఫ్రేమ్‌లో మాస్క్ ఎలా ఉండాలో నమోదు చేసే గుర్తులు, పెట్టేది చెయ్యి కదలడం మొదలైన ఫ్రేమ్‌లో, ఆగిన ఫ్రేమ్‌లో, దిశ మారిన ఫ్రేమ్‌లో. మధ్య ఫ్రేముల్లో మాస్క్‌ని సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది. ఆ తర్వాత రెండు కీల మధ్య సగానికి వెళ్లి చూడాలి, అంచు తప్పితేనే అక్కడ ఇంకో కీ. ముంజేయి ఆకారం పెద్దగా మారదు కాబట్టి మాస్క్ మొత్తాన్ని పట్టుకుని జరిపి, తిప్పితే చాలావరకు సరిపోతుంది. పాయింట్లు విడివిడిగా లాగడం ఆఖరి పని. ఇంకొకటి, మోచేతి మీద పెట్టిన పాయింట్ షాట్ అయిపోయేదాకా మోచేతి మీదే ఉండాలి. అది జారిందంటే మధ్య ఫ్రేముల్లో అంచు మెలికలు తిరుగుతుంది.

ఇక అసలు తేడా. ఎవరు చేసినా అంచు కాస్త తప్పుతుంది. రెండు కీల మధ్య లెక్కగట్టిన అంచు రెండు పిక్సెళ్లు పక్కకి పోతే, తర్వాతి ఫ్రేమ్‌లోనూ దాదాపు అంతే పోతుంది, కంటికి ఆనదు. రోటో బ్రష్ అలా కాదు, ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ అంచును మళ్లీ వెతుక్కుంటుంది. ఒకదాంట్లో రెండు పిక్సెళ్లు లోపలికి, పక్కదాంట్లో మూడు బయటికి. ఆపి చూస్తే ఏ ఫ్రేమూ తప్పనిపించదు, ప్లే చేస్తే మాత్రం అంచు సలసలా మరుగుతున్నట్టుంటుంది. పట్టుచీర జరీ, వెనక మండపం బంగారు రంగు కలిసిపోయాయంటే ఇక చెప్పక్కర్లేదు.

గోదారిగట్టు:
మరుగుతుందని ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ నా వీడియో చూసేది ఫోన్‌లో, అదీ వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగాక. ఆ కంప్రెషన్‌లో మీ రెండు పిక్సెళ్లు ఎక్కడ కనిపిస్తాయి? మాస్క్ అంచు బాగుందని ఏ పెళ్లికొడుకు తండ్రీ మెచ్చుకోగా నేను వినలేదు. పైగా తప్పిన చోట ఒక గీత గీస్తే ఆ దిద్దుబాటు తర్వాతి ఫ్రేములకి అదే పాకుతుంది. తర్వాత ఆ ఫలితం మారకుండా ఫ్రీజ్ కొట్టేస్తే అయిపోయింది.

పాతరీలు:
1915లో యానిమేటర్ మ్యాక్స్ ఫ్లైషర్ పేటెంట్‌కి దరఖాస్తు పెట్టిన రోటోస్కోపే ఒక షార్ట్‌కట్. కదలికని ఊహించి గీయకుండా సినిమా ఫ్రేమ్ మీద ట్రేస్ చేసుకోవడం. షార్ట్‌కట్‌గా పుట్టిన పనికి ఇంకో షార్ట్‌కట్ వస్తే మడి చెడిపోయినట్టు గోల ఎందుకో!

బ్లెండర్ పిచ్చి:
ట్రాకింగ్ (కదిలేదాన్ని సాఫ్ట్‌వేరే వెంబడించడం) సంగతి అందరూ మర్చిపోయారు. కానీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో మాస్క్ మీద రైట్ క్లిక్ చేసి ట్రాక్ మాస్క్ కొట్టకండి అన్నా. అది ప్రతి ఫ్రేమ్‌కీ ఒక కీ పడేస్తుంది. తర్వాత ఒకచోట సరిచేస్తే ఆ ఒక్క ఫ్రేమే ఎగిరిపడుతుంది, అటూ ఇటూ ఉన్నవి పాతచోటే ఉంటాయి.

బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే క్లిప్ ఎడిటర్‌లో ఒక మార్కర్ ట్రాక్ చేసి, మాస్క్ పాయింట్లు ఎంచుకుని కంట్రోల్ పీ నొక్కి వాటిని ఆ మార్కర్‌కి కట్టేస్తాను. కదలిక మార్కర్ నుంచే వస్తుంది. ఐ నొక్కి నేను పెట్టే కీలు ఆకారం మారిన చోట మాత్రమే, అందుకే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. డబ్బులు కట్టే పనీ లేదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో వచ్చే మోకా అనే ట్రాకింగ్ ప్లగిన్ కూడా ఇదే పని చేస్తుంది. ఒక పాయింట్‌ని కాకుండా ఉపరితలాన్ని ట్రాక్ చేస్తుంది కాబట్టి షేర్వానీ ఛాతీ భాగానికి ఇంకా మేలు.

నైట్‌షిఫ్ట్:
హైదరాబాద్‌లో రోటోనే నా పని, సినిమా షాట్లు. గోదారిగట్టు అన్నా, మీ ఫోన్ లెక్క మీకు సరే, థియేటర్‌లో నడవదు. 24 ఫ్రేముల వేగం, 180 డిగ్రీల షట్టర్ అంటే ఒక్కో ఫ్రేమ్ సెకనులో 48వ వంతు సేపు తెరుచుకుని ఉంటుంది. చెయ్యి విసిరిన ఫ్రేమ్‌లో అంచు అనేదే ఉండదు, మసకే. మేం మాస్క్‌ని ఆ మసక మధ్యలోకి లాగి మోషన్ బ్లర్ ఆన్ చేస్తాం. షేప్ ఎంత కదిలిందో చూసే మాస్క్ అంచుకి మసక వస్తుంది, కీ తప్పు ఫ్రేమ్‌లో ఉంటే మసకా తప్పుతుంది.

ఇంకో మాట. కొందరు క్లయింట్లు నలుపు తెలుపు మ్యాట్‌తో (మనిషి తెల్లగా, మిగతాది నల్లగా ఉండే కత్తిరింపు బొమ్మ) సరిపెట్టుకోరు, గీసిన మాస్క్ షేపులే ఇమ్మంటారు. రేపు చొక్కా చెయ్యి ఒక్కటే కావాలంటే వాళ్లే విడిగా తీసుకోవాలి కదా. బ్రష్ ఇచ్చే మ్యాట్‌లో చెయ్యి వేరు, ఒళ్లు వేరు కాదు.

పాతరీలు:
మరి సినిమా ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ న్యూక్‌లో, మనం చేసింది చూసి నేర్చుకునే కాపీక్యాట్ టూల్ సంగతి? 2021లో న్యూక్ 13తో వచ్చిందిగా. మీ ఉద్యోగాలకి టెన్షన్ లేదా?

నైట్‌షిఫ్ట్:
టెన్షన్ ఉంది, లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి. కానీ దానికి నేర్పించడానికి ఆ షాట్‌లోవే కొన్ని ఫ్రేములు ముందు ఎవరో ఒకరు నీట్‌గా చేసి ఇవ్వాలి. మా దగ్గర ఆ ఎవరో నేనే. నేను వదిలేసిన చెవిని అదీ వదిలేస్తుంది.

గోదారిగట్టు:
సరే, చేతులు కదిలే షాట్లు కుర్రాడికే ఇస్తాను, మాస్టారు చెప్పినట్టు ముక్కలుగా చేయమంటాను. నిలబడి నవ్వే షాట్లు బ్రష్‌కే, అక్కడ మాత్రం తగ్గను. అయితే తలంబ్రాలు కిందికి పడేటప్పుడు గింజలు పేర్ల వెనక్కి వెళ్లి మాయమైపోతున్నాయి. వాటిని ఎలా రోటో చేయాలి?

స్ప్లైన్ మాస్టారు:
గింజ గింజకీ మాస్క్ గీస్తారా ఏంటి? పసుపు రంగుని బట్టి గింజల్ని వేరుచేద్దామన్నా వెనక మండపం అదే రంగు. పేర్లు లేచే టైమింగ్ మార్చండి. దోసిలి ఎత్తడం మొదలవగానే అక్షరాలూ లేవాలి. దోసిలి విప్పేలోపు, గింజలు పడని ఎత్తుకి వెళ్లి తలల పైన ఆగిపోవాలి.

గోదారిగట్టు:
పెళ్లికూతురి జడ?

స్ప్లైన్ మాస్టారు:
పూలజడ మధ్య భాగానికి మామూలు మాస్క్. కుచ్చుల దగ్గర, ముంగురుల దగ్గర మాత్రం వెంట్రుకల్లాంటి సన్నని అంచుల కోసం ఉన్న రిఫైన్ ఎడ్జ్ టూల్. అక్కడ నేనూ పెన్ టూల్ పట్టుకోను.